రాని కార్డుకు పెట్టిన ముహూర్తం

గా రోజులల్ల నాకు తెలివి ఎంత ఉండెనో తెల్వదు గని, తెలివున్నదన్న నమ్మకం మాత్రం మస్తుగ ఉండె. ఇరవై రెండేండ్లు ఉంటయేమో. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక గల్లీల కంప్యూటర్లు రిపేర్ చేసే దుకాణంల పని. పొద్దుగాల షట్టర్ ఎత్తుడు, కీబోర్డులల్ల ఇరుక్కున్న బిస్కట్ ముక్కలు దులుపుడు, ఇదీ నా ఉద్యోగం. అయినా మా చుట్టాలల్ల నా పేరు 'కంప్యూటర్ పంతులు'. మావోళ్లు బోరు వేయాలన్నా, బండి కొనాలన్నా పంతులు దగ్గరికి పోయి మంచిరోజు అడుగుతరు గదా, గట్లనే కంప్యూటర్ కొనాలంటే నా దగ్గరికి వచ్చేటోళ్లు. నేను పంచాంగం చూసినట్టు ఫోన్ చూసి, "ఇప్పుడు కొనకుర్రి, కొత్త తరం వస్తున్నది, జర ఆగుర్రి" అని చెప్పేటోన్ని. (కొనుర్రి అని ఎవ్వడైనా చెప్తడు. ఆగుర్రి అని చెప్పేటోనికే మర్యాద ఎక్కువ. ఈ కిటుకు నాకు గప్పుడే దొరికింది.)

గ్రాఫిక్స్ కార్డు అంటే, తెల్వనోళ్లకు చెప్తున్న, కంప్యూటర్ల బొమ్మలు, వీడియోలు నడిపే పలక. రెండేండ్లకోసారి దాని కొత్త తరం వస్తది. వచ్చేదానికి ఆర్నెల్ల ముందు సంది ఇంటర్నెట్‌ల పుకార్లు మొదలైతయ్. ఎవడో ఫ్యాక్టరీల ఫొటో తీసిండట, ఎవడో డబ్బ మీది అంకెలు చూసిండట. చాయ్ చల్లగైతున్నా పట్టించుకోకుండ అవన్నీ చదివేటోన్ని. ఈసారి వచ్చేది డబుల్ స్పీడట, కరెంటు సగమే తింటదట, రేటు పాతదానంతే ఉంటదట! మా దుకాణం సేఠ్, మలక్‌పేట ఆయన, ఒకసారి నా ఉపన్యాసం విని, "అరె, వచ్చిన బస్సు ఎక్కకుండ రాని బస్సు కోసం నిలబడ్డోడు ఇంటికెప్పుడు పోతడ్రా?" అన్నడు. పాపం సేఠ్‌కు టెక్నాలజీ తెల్వదని నేను లోపల్లోపల జాలిపడ్డ.

గా టైముల మా పెద్దమ్మ బిడ్డ, నాకు అక్క, దుకాణానికి వచ్చింది. ఎల్బీనగర్‌ల రెండర్రల కిరాయి ఇల్లు ఆమెది. ఇంట్లనే కూసొని పెండ్లి వీడియోలు ఎడిటింగ్ చేసేది. దిల్‌సుఖ్‌నగర్‌ల ఫొటో స్టూడియో నడిపే ఒకాయన ఆమెకు పని ఇచ్చేటోడు, ఆయనను మేము స్టూడియో అన్న అంటుంటిమి. దసరా ముంగట ఆయన అక్కకు ఒక మాట చెప్పిండట: "చెల్లె, మాఘమాసం పెండ్లిళ్లన్నీ నీకే ఇస్త. గని ఇప్పుడు కెమెరాలు మారినయ్, వీడియోలు బరువైనయ్, నీ పాత మిషన్ గుంజదు. గప్పటిలోపల మంచిది పెట్టుకో." అక్కకు అది చిన్న మాట కాదు. ఇన్నాళ్లు ఇంకొకలు వద్దన్న పెండ్లిళ్లే ఆమెకు దొరుకుతుండె. సీజన్ మొత్తం తనదే అంటే ఇగ ఇల్లు కుదుటపడ్డట్టే. చీటీ పాడి, ఆ పైసలు పట్టుకొని వచ్చి, "తమ్మీ, నాకేం తెల్వదు. నువ్వు ఏది చెప్తే అది" అన్నది.

ఆ రోజు నా ఎనుక అద్దాల బీరువాల మంచి కార్డే ఉండె. తీసి బిగిస్తే గంట పని. నాల ఉన్న పంతులు ఊకుంటడా? "అక్కా, ఇప్పుడు కొంటె పిచ్చి పని. పుష్యంల కొత్తయి వస్తున్నయ్. మాఘంల నీ మిషన్ రాకెట్ లెక్క ఉరుకుతది" అన్న. "ఖాయంగ వస్తయా రా?" అని అడిగింది. "ఖాయం" అన్న. నేను చదివిన ప్రతి వార్తల 'అంచనా', 'రావచ్చు', 'అంటున్నరు' అని ఉండె. ఆ మాటలన్నీ నేనే మింగేసిన. అక్క నా మొఖం దిక్కు గంత నమ్మకంగ చూస్తుంటె 'కావచ్చు' అని చెప్పబుద్ధి కాలే. ఇంకో సంగతి, చెప్పనీకి ఇప్పటికీ సిగ్గైతది: గా కొత్త కార్డు డబ్బ నా చేతులతోని విప్పాలని నాకు ఆశ. కొనే తాకత్ నాకు లేదు, అక్కకు ఉన్నది.

గంతటితోని ఆగినా బాగుండు. "కొత్తయి వస్తే నీ పాత కార్డును ఎవ్వడూ ముట్టడు, ఇప్పుడే అమ్మేద్దాం" అని, ఆమె మిషన్‌ల ఉన్న ముసలి కార్డును కూడ ఊడదీసి బడంగ్‌పేట్ కెళ్లి వచ్చిన ఒకాయనకు అమ్మేసిన. నా తెలివికి నేనే మురిసిపోయిన.

కార్తీకంల రెండు మూడు పెండ్లిళ్లు వచ్చినయ్. కార్డు లేకున్నా మిషన్ నడుస్తది గని నత్త లెక్క, దాని మీద అక్క తిప్పలు చెప్పతరం గాదు. తెర మీద పెండ్లికొడుకు తాళి పట్టుకొని చేతులు లేపుతడు, ఇగ అక్కడ్నే ఆగుతడు. అక్క పోయి కూర తాలింపు పెట్టి వస్తది, చేతులు అక్కడ్నే ఉంటయ్. బియ్యం కడిగి వస్తది, గప్పుడు జర కదులుతయ్. "ఈయన మూడు ముళ్లు వేసేటాలకు పిల్లకు తల నెరిసేటట్టున్నది తమ్మీ" అని నవ్వేది. నేనూ నవ్వేటోన్ని. "జర ఓపిక పట్టు అక్కా, వస్తున్నది" అని ధైర్యం చెప్పేటోన్ని.

పుష్యంల కార్డు వచ్చిందని ప్రకటించిన్రు. రేటు చూస్తె నా కండ్లు తిరిగినయ్. పాతదానికి దగ్గర దగ్గర రెండింతలు. సరే, అదన్న దొరుకుతదా అంటే, మా దిక్కు దుకాణాలకు వచ్చేటాలకు మాఘం మొదలై పోయింది. ఒక్క దుకాణంల ఒక్కటి వచ్చిందంటే అక్కను ఎంటబెట్టుకొని ఉరికిన. వాళ్లు డబ్బ విప్పి చూపించిన్రు. అమ్మో, అది కార్డా? ఇటుక మందం, జానెడున్నర పొడుగు! అక్క దాన్ని అటు ఇటు చూసి, "ఇది నా మిషన్‌ల పడ్తదా రా?" అని అడిగింది. అన్ని నెలలు అన్ని పుకార్లు చదివినోన్ని, గా ఒక్క కొలత మాత్రం చూడలే. పట్టదు. పట్టాలంటే పైడబ్బ మార్చాలె, కరెంటిచ్చే డబ్బ మార్చాలె. అక్క తెచ్చిన పైసలు కార్డుకే చాలయ్. "పోదాం పా" అన్నది, గంతే.

స్టూడియో అన్న రమ్మన్నడని అట్లనే సీదా అక్కడికి పోయినం. "ఏం చెల్లె, మిషన్ తయారైందా? మూడు పెండ్లిళ్లు నీ కోసమే ఆపిన. పెండ్లివాళ్లు నా పానం తింటున్నరు" అన్నడు. అక్క తల వంచుకున్నది. ఆయన నా దిక్కు తిరిగిండు. "ఏందయ్యా పంతులూ, దసరాకు చెప్పిన ముచ్చట. ఇప్పటిదాక ఆగుమని ఎవరు చెప్పిన్రు?"

నిజం చెప్పనీకి ఒక్క మాట చాలు. 'నేనే ఆగుమన్న' అనుడే. నా నోట్లకెళ్లి వచ్చింది మాత్రం ఇది: "నేను గప్పుడే కొనుమన్న అన్నా. అక్కనే కొత్తదే కావాలన్నది."

అక్క నా పక్కనే ఉన్నది. నా దిక్కు తిరిగి కూడ చూడలే. "అవునన్నా, నాదే అత్యాశ. పిలగాడు చెప్పిండు, నేనే ఇనలే" అన్నది.

స్టూడియో అన్న అక్కడ్నే ఫోన్ తీసిండు. గా మూడు పెండ్లిళ్లు సైదాబాద్‌ల వేరేటోళ్లకు ఇచ్చిండు. వాటి ఎనుక మాఘం మొత్తం పోయింది. ఎల్బీనగర్‌కు మెట్రోల పోతుంటె నాకు అక్క మొఖం చూసే మొఖం లేదు. కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు. చివరికి ఆమెనే మెల్లగ అన్నది: "ఆయనకు నేను గాకుంటె ఇంకొకలు దొరుకుతరు. ఆయన ముంగట నువ్వు గట్ల వణుకుతుంటె చూడలేకపోయిన రా. ఇగ చాలు, ముక్కు తుడుసుకో, అందరు చూస్తున్నరు." చెంప మీద ఒక్కటి కొట్టినా గంత నొప్పి కాకపోవు.

మర్నాడు మా దుకాణం బీరువాల ఉన్న కార్డునే తీసుకపోయి బిగించిన. గంట కూడ పట్టలే. వైశాఖంల ఎక్కడెక్కడివో నాలుగు పెండ్లిళ్లు దొరికినయ్, మెల్లగ నిలదొక్కుకున్నది. స్టూడియో అన్న మాత్రం మళ్ల పిలవలే. అక్క ఆ ముచ్చట ఎన్నడూ ఎత్తలే, నేను ఎత్తే ధైర్యం చెయ్యలే. మర్చిపోయిందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్న.

ఇప్పుడు ఎల్బీనగర్‌ల నాకే ఒక చిన్న దుకాణం ఉన్నది. కొత్త తరం కార్డుల పుకార్లు మళ్ల వస్తున్నయ్, నేను మళ్ల చదువుతున్న. (పుట్టుకతోని వచ్చిన బుద్ధి పుడకలతోని గాని పోదంటరు గదా.) మొన్న అక్క ఫోన్ చేసింది. బిడ్డ కాలేజీల చేరింది, కంప్యూటర్ కావాల్నట.

"ఎప్పుడు కొనమంటవ్ తమ్మీ?"

"ఇయ్యాలనే అక్కా."

"అదేంది రా, కొత్తయి వస్తలేవా?"

"వస్తే రానీ."

అవతల అక్క నవ్వుడు మొదలుపెట్టింది. ఆపి, మళ్ల నవ్వింది. గా నవ్వు వింటె తెలిసింది, ఆమె ఒక్క ముక్క కూడ మర్చిపోలేదని. నేనూ నవ్విన. నవ్వుకుంటనే, "అక్కా, గా రోజు స్టూడియోల నేను..." అని మొదలుపెట్టిన.

"తెలుసు తియ్ రా" అన్నది. "పిల్ల సాయంత్రం వస్తది. గప్పటికి బిగించి పెట్టు."

ఫోన్ పెట్టేసిన. ఇరవై రెండేండ్ల గా పంతుల్ని తల్చుకుంటె నవ్వొస్తనే ఉన్నది, చెవులు కాలుతనే ఉన్నయ్. లేచి స్క్రూడ్రైవర్ ఎతుక్కున్న.