అచ్చులో మాయమైన మైనస్

మందుల పెట్టెలకు లేబుళ్లు అచ్చువేసే ఆ షాపులో అందరూ ఆమెను గీతలమ్మ అనేవారు. ఇరవై రెండేళ్లుగా లేబుల్ మీది అక్షరాలు, అంకెలు కంప్యూటర్లో పేర్చడమే ఆమె పని. మైనస్ ఉండాల్సిన చోట కీబోర్డు మీది అడ్డగీత కొడితే చచ్చినా ఒప్పుకునేది కాదు. ఆ పొట్టి గీత వరుస చివర పడిందంటే అంకె కింది వరుసలోకి జారిపోయి, గీత ఒక్కటే పైన ఉండిపోతుంది. అందుకే అసలు మైనస్ గుర్తును వేరే ఫైల్లో దాచుకుని, అక్కణ్ణించి తెచ్చి అంకెకు అతికించేది.

"గీత గీతే కదక్కా, ఎందుకీ చాదస్తం?" అని పక్క సీటు అమ్మాయి ఆటపట్టించేది.

"నీ మొహం! అది లేకపోతే మంచు కాస్తా ఎండైపోతుందే."

అన్నంత పనీ అయింది. యజమాని అల్లుడు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చాడు. కీబోర్డు మీద లేని గుర్తులు దానికి తెలియవు. తెలియదని చెప్పి చావదు కూడా. తెర మీద చూపించి, కాగితం మీద మింగేస్తుంది. పిల్లల టీకా పెట్టె మీద "−20 డిగ్రీల దగ్గర ఉంచాలి" అని పేరిస్తే, నమూనాలో ఉత్త 20 వచ్చింది. ఆమె ఎర్రపెన్నుతో చుట్టి యజమానికి చూపించింది.

"అల్లుడు చూసుకుంటాడులే, నువ్వెళ్లు" అన్నాడాయన. నమ్మి ఇంటికెళ్లింది.

మూడు వారాలకు మందుల కంపెనీ నుంచి ఫిర్యాదు వచ్చింది. పెట్టెలన్నీ అలాగే వెళ్లిపోయాయట! యజమాని తన గదిలోకి పిలిస్తే వెళ్లింది. అల్లుడుగారు కాలు మీద కాలేసుకుని పుల్లతో పళ్లు కుట్టుకుంటున్నాడు. యజమాని ఒక కాగితం ముందుకు తోశాడు.

"మీరు ఆ ప్రత్యేకమైన గుర్తు వాడబట్టే కదా ఇదంతా. ఆపరేటర్ పొరపాటని సంతకం పెట్టండి. మీ ఉద్యోగానికి ఢోకా లేదు."

ఇన్నేళ్లలో ఆయన 'మీరు' అనడం అదే మొదలు. ఆమెకు ఒంటి మీద జెర్రులు పాకినట్టయింది.

"టీకాలు వేసే చోట్లకి ఫోన్ చేశారా?"

"ముందు ఇది తెములనివ్వండి" అన్నాడు అల్లుడు, పుల్ల తీయకుండానే.

ఛీ, వీళ్లూ మనుషులేనా! వీళ్ల మాట నమ్మి ఆ రోజు ఇంటికెళ్లినందుకు తన మీద తనకే రోత పుట్టింది. సంతకం పెట్టలేదు. ఫిర్యాదుతో పాటు వచ్చిన టీకా కేంద్రాల జాబితా లాక్కుని, యజమాని ఫోన్‌లోనే మొదటి నంబరు కొట్టింది. నర్సు ఎత్తింది.

"ఆ మందా? పెట్టె మీద రాసినట్టే బయట బీరువాలో పెట్టామండీ. మొన్ననే అయిపోయింది. భలే మందు! ఒక్క బిడ్డకీ జ్వరం రాలేదు. తల్లులంతా ఒకటే మెచ్చుకోవడం."

గీతలమ్మ సంతకం కోసం తోసిన కాగితాన్నే వెనక్కి తిప్పి పెన్ను అందుకుంది.

"ఇరవై కాదమ్మా, మైనస్ ఇరవై. లేబుల్ తప్పు. ఆ మందు ఎప్పుడో పాడైపోయింది. అందరికీ మళ్లీ వేయాలేమో, పిల్లల పేర్లు చెప్పండి, రాసుకుంటాను."

అవతల రిజిస్టరు తెరిచిన చప్పుడైంది.

"మొదట వేసింది మా పాపకేనండీ" అంది నర్సు.