అరచేతికి తెలిసిన రేడియం

పోలీసు చర్య రోజుల్లో సికింద్రాబాదులో అందరూ బాంబులకు భయపడ్డారు. నేను మాత్రం మా ఇంట్లోని చేతిగడియారానికి భయపడ్డాను. ఆ భయంతో వాడకట్టంతా హడలగొట్టాను. మీరు నవ్వండి, ఫరవాలేదు. నాకు మాత్రం అప్పుడు పై ప్రాణాలు పైనే పోయాయి.

గుంటూరు నుంచి కాపురానికొచ్చి మిషన్ బడిలో సైన్సు చెప్పేదాన్ని. కడుపుతో ఉన్నాను. మావారు మిలిటరీవాళ్ళు అమ్మేసిన సామాన్లలో ఆ గడియారం కొన్నారు. చీకట్లో దాని ముళ్ళు పచ్చగా వెలిగేవి. "రేడియం పూత!" అని ఆయన మురిసిపోయారు. రేడియం మనిషిని లోపల్నుంచి తినేస్తుందని ఎక్కడో చదివాను. కడుపులో బిడ్డ ఏమవుతుందోనని వణికిపోయాను. నా పోరు పడలేక ఆయన దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టారు.

అయినా నాకు తెలిసిపోయేది! పెట్టె దగ్గరికెళితే అరచేతులు భగ్గున మండేవి, నోట్లో చిలుము రుచి. బేగంపేట వైపు విమానం మోగితే మంట రెట్టింపయ్యేది.

పక్కింటి యాదమ్మ చెవిన వేశాను. పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"గా కిరణాలు చేతికి తెలుస్తయా పంతులమ్మా?"

"చూడు!" అని పెట్టె మీద చెయ్యి పెట్టాను. కెవ్వుమని అరిచి కూలబడ్డాను.

"ఏందీ పరేషాన్! పిల్లలను తీస్కొని యాడికి పోవాలె?" యాదమ్మ ఏడుపందుకుంది.

అత్తయ్య నా తల ఒళ్ళో పెట్టుకుని విసనకర్రతో విసిరింది. ఆమె నడుము పక్కన మొహం దాచుకున్నాను. మంట చల్లారింది. "ఇక్కడ హాయిగా ఉంది అత్తయ్యా. ఇక్కడికి కిరణాలు రావడం లేదు."

మావారు విసుగెత్తి, "దాన్ని బన్సీలాల్‌పేట బావిలో పారేసొస్తా" అని పెట్టె తెరిచారు. గడియారం లేదు!

"దొంగలు పడ్డారే!"

"దొంగలెవర్రా?" అంటూ అత్తయ్య రొంటిలోంచి గడియారం తీసింది. సరిగ్గా నేను మొహం దాచుకున్న చోటు నుంచే! "గొడవలని చర్చిలో గంట కొట్టడం మానేశారుగా. ప్రార్థన వేళ తెలియక మొన్ననే తీసుకున్నా."

యాదమ్మ ఏడుపాపి నన్ను ఎగాదిగా చూసింది. "మరి ఖాళీ పెట్టె కాలిందా పంతులమ్మా?"

తర్వాత డాక్టరమ్మ చెప్పింది: "ఆ కిరణాలు ఒంటికి తెలియవమ్మా. అద్దం పగలగొట్టి ఆ పూత నోట్లో పెట్టుకోకపోతే చాలు." బిడ్డ నిక్షేపంగా పుట్టింది.

ఆ బిడ్డ మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక జన్మలో నా అరచేతి సాక్ష్యం నమ్మను. అత్తగారి రొంటి తడమకుండా ఆమె ఒళ్ళో తల పెట్టను.