ఐదో గట్టు ఆడబిడ్డ

భార్య చితాభస్మాన్ని పరాయి మగవాడి పక్కన వదిలి వచ్చిన మొగుణ్ణి మీరు ఇంతవరకూ చూసి ఉండరు. చూడండి. ఇది రాస్తున్నది వాడే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. మేముండేది మణుగూరులో. అడవి అంచున ఒక గుట్ట, దాని మీద రాతిలో తొలిచిన బుద్ధుడి పాత గుళ్ళు. ఒక్కసారి తీసుకెళ్ళమని నా భార్య సుశీల తొమ్మిదేళ్ళు అడిగింది. "చదవకుండా చూస్తే రాళ్ళే కనిపిస్తాయి. ముందు నన్ను చదవనీ" అనేవాణ్ణి. నేను చదువుతూనే ఉన్నాను. ఆమె నాలుగు రోజుల జ్వరంతో పోయింది. భద్రాచలం దగ్గర గోదావరిలో కలపగా మిగిల్చుకున్న చిటికెడు బూడిదను పొట్లం కట్టి, బామ్మర్ది రమేశ్ బండి వెనక కూర్చుని, చివరికి ఆమెను గుట్టకు తీసుకెళ్ళాను.

పైన బుద్ధుడి పాదాల దగ్గర బోర్డు: ఇక్కడ ఏమీ వేయరాదు. చదువుకున్నవాణ్ణి కదా, బోర్డు కనిపిస్తే చదువుతాను, చదివితే పాటిస్తాను. పొట్లం మళ్ళీ జేబులోకే పోయింది. గుట్ట దిగాక చెట్ల మధ్య నిలువెత్తు రాయి, దాని చుట్టూ చిన్న రాళ్ళ కుప్ప కనిపించాయి. తప్పిపోయిన దూడను చూసిన ఆవులా పరుగెత్తాను.

"రమేశ్, ఇది భిక్షువుల స్తూపం! రెండు వేల ఏళ్ళది!"

"బావా, గీ రాయి మీది పసుపు ఇంకా పోలే."

"అది రాతి సహజమైన రంగు."

"మరి గీ కోడి ఈక?"

"గాలికి వచ్చి ఉంటుంది."

"నీ ఇష్టం బావా. చదివినోనివి."

రాళ్ళు జరిపి, మట్టి తవ్వి, బూడిద పోసి పూడ్చాను. కళ్ళు మూసుకుని బుద్ధుణ్ణి శరణు వేడుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది. తల మీద కట్టెల మోపుతో ఒక కోయ ముసలామె.

"ఎవలయ్యా మీరు? మా ఆయన కాడ ఏం తవ్వుతుండ్రు?"

"ఏ ఆయనమ్మా?"

"గా రాయి మా ఆయనదే. ఆయన సచ్చినంక పోయిన ఎండకాలం పెట్టినం."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకైతే పోయిన పెళ్ళాం కూడా మళ్ళీ పోయింది.

జరిగిందంతా చెప్పాను. ఆమె మోపు దించింది. తిట్టలేదు, అందుకే భయమేసింది.

"మా ఆయనది ఐదో గట్టు. నీ పెండ్లాంది ఏ గట్టు?"

కోయల్లో వంశాలను గట్లుగా లెక్కపెడతారట. ఒకే గట్టయితే అన్నాచెల్లెళ్ళు, వేరే గట్టయితే పెళ్ళి కుదిరే వరస. నా పుస్తకాల్లో ఇది లేదు.

"మాకు గట్లు లేవమ్మా."

"గట్టు లేని మనిషుంటదా? సోంచాయించి చెప్పు. వేరే గట్టయితే నాకు సవితి అయితది. బతికినన్ని దినాలు ఆయన్ని ఒక్కదాన్నే భరించిన. సచ్చినంక ఇంకోదానికి ఇయ్యాల్నా?"

"తవ్వి తీసుకెళ్తాను."

"మట్టిల కలిసిన మనిషిని జల్లెడ పడ్తవా?"

రమేశ్ నా చెవిలో అన్నాడు: "ఐదో గట్టని చెప్పు బావా. మా అక్కను సవితి కొట్లాటల పడెయ్యకు."

"ఐదో గట్టే" అన్నాను. ఆధారం లేకుండా నేనాడిన మాటల్లో మేలు చేసింది అదొక్కటే.

ఆమె మొహం తేటపడింది. "గట్లయితే నాకు ఆడబిడ్డ. నువ్వు తమ్మునివి." రాయి వైపు తిరిగి గద్దించింది. "ఓయ్, ఇన్నవా? నీ చెల్లె సుశీల వచ్చింది. తాగి లొల్లి చెయ్యకు. మంచిగ చూసుకో."

తర్వాత అక్కగారి అధికారంతో నా మీద పడింది.

"బతికుండంగ గీ గుట్ట చూసిందా ఆమె?"

"లేదు."

"ఎందుకు తేలే?"

"చదవడం పూర్తయ్యాక తెద్దామని."

"అయిందా మరి?"

"అయింది."

ఆమె కట్టెల వైపు చెయ్యి చూపింది. "మోపు ఎత్తు తమ్ముడా" అంది. ఎత్తాను.

ఆ రోజు రెండు ప్రమాణాలు చేసుకున్నాను. చుట్టుపక్కల ముసలమ్మలందరినీ "ఇది మీ ఆయనేనా?" అని అడగందే ఇక ఏ రాయి వయసూ చెప్పను. ఎవరైనా గుట్ట చూపించమంటే, చదువుతున్న పుస్తకం అక్కడే బోర్లించి లేస్తాను.

మొదటిదానికి నోరు కట్టుకోవాలి, కష్టం. రెండోది సులువే. అడిగే మనిషి లేదు.