షేక్ అయిందని చెప్పిన ఫోటో

ఇరవై నాలుగేళ్ళ ఐదు నెలలుగా నా బీరువాలో ఒక నెగెటివ్ ఉంది. దాని బరువు గ్రాము కూడా ఉండదు. అయినా ఏడాదిలో ఒక్కరోజు తప్ప, బీరువా తెరిచిన ప్రతిసారీ నా చెయ్యి ఆ అరను తప్పించుకుని పోతుంది. నా భర్త బతికున్నన్నాళ్ళూ ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, ప్యాకింగ్ షెడ్డులో నేను టైమ్‌కీపర్ని. పంతొమ్మిదేళ్ళు చేశాను. ఎవరు ఎన్ని గంటలకు వచ్చారు, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యం, అంతా నా పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకంలో ఒక్క కొట్టివేత లేదు. షెడ్లలో ఉన్న నాలుగు గోడ గడియారాలను ప్రతి సోమవారం పొద్దున రేడియో సమయం చూసి నేనే సరిచేసేదాన్ని. నేను రాసిన సమయాన్ని ఎవరూ మళ్ళీ అడిగేవారు కాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ నమ్మకంతోనే నేను ఒక మనిషి నోటికాడి కూడు తీశాను. అందుకు చెబుతున్నాను.

ఫోటోలు తీయడం నా భర్త దగ్గర నేర్చుకున్నాను. సంగారెడ్డిలో ఆయనకు చిన్న స్టూడియో ఉండేది. చీకటిగా ఉన్న ఇంట్లో ఫ్లాష్ లేకుండా, ముఖం స్పష్టంగా వచ్చేలా తీయడంలో ఆయనకంటే నాదే పైచెయ్యి. ఆయనే ఆ మాట ఒప్పుకునేవారు. అందులో పెద్ద విద్య ఏమీ లేదు, ఓపిక ఉంటే చాలు. లెన్సు పూర్తిగా తెరవాలి. మోచేతులు దేనికైనా ఆనించాలి. కంటి రెప్పల మీద ఫోకస్ పెట్టాలి. వెలుతురు తక్కువైనప్పుడు షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, ఆ కాసేపట్లో మనం కదిలినా, ఎదుటి మనిషి కదిలినా ఫోటో షేక్ అవుతుంది. మనిషి ఊపిరి వదిలాక, మళ్ళీ పీల్చుకునే ముందు ఒక చిన్న ఆగుడు ఉంటుంది. అప్పుడు నొక్కాలి. అప్పుడు ఎంతటి మనిషైనా రాయిలా ఉంటాడు.

నిద్రపోతున్నవాళ్ళయితే ఇంకా సులువు.

బాలమణి రుద్రారం నుంచి బస్సులో వచ్చేది. ముప్ఫై రెండేళ్ళు. నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. షెడ్డులో ఆడవాళ్ళు ఆమె చెబితే వినేవారు, నేను చెబితే భయపడేవారు. ఒకరోజు నేను రెండు నిమిషాల ఆలస్యం రాశానని, అందరిముందూ గోడమీది గడియారం చూపించి, అక్క మొగుడు ఇంటికాడ లేడు, గీడ గోడకున్నడు అంది. నలభై ఒక్కమంది నవ్వారు. అవును, లెక్కపెట్టాను. నేను కూడా నవ్వినట్టే ముఖం పెట్టాను. జనవరి చివరి శనివారం అది.

ఫిబ్రవరిలో ఆమె అందరినీ వెంటబెట్టుకుని మేనేజరు దగ్గరికి పోయింది, రేకుల షెడ్డు కింద ఉడికిపోతున్నాం, ఇంకో రెండు ఫ్యాన్లు కావాలని. ఆమె వెళ్ళాక మేనేజరు నాతో, ఈమె మీద చేతిలో ఏదైనా ఉంటే బాగుండు అన్నాడు. అంతే అన్నాడు. ఫోటో తీయమనలేదు. అబద్ధం రాయమని అసలే అనలేదు. ఇన్నేళ్ళలో ఆయన మీదికి నెట్టాలని ఎన్నిసార్లు చూశానో. కుదరలేదు. ఆయన తలుపు వారగా తీసి పెట్టాడు, లోపలికి నడిచింది నేను.

మార్చి పద్నాలుగు, బుధవారం. ఆ వారం అందరి గుర్తింపు కార్డులకు ఫోటోలు తీసే పని నాకే ఇచ్చారు. అందుకని కెమెరా నా బల్లమీదే ఉండేది. బాలమణికి ఆ వారం అట్టపెట్టెల గోదాములో పని. అక్కడ ఒక్కతే పెట్టెలు మడిచి అంటించాలి. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా భోజనం. కరెంటు ఆదా కోసం గోదాములో పగలు లైట్లు వేసేవారు కాదు. నేను వెళ్ళేసరికి ఆమె తిని, విప్పిన అట్ట ఒకటి నేలమీద పరుచుకుని నిద్రపోతోంది. పైకప్పులో ఉన్న ఒక్క ప్లాస్టిక్ రేకులోంచి పడే వెలుతురే గోదాముకంతటికీ దిక్కు. పెట్టెల వరుసకు మోచేతులు ఆనించి, ఆమె ఊపిరి లెక్కపెట్టుకుని, మూడు తీశాను.

మూడోదాని చప్పుడుకు ఆమె లేచింది. కెమెరా వెనక్కి దాచబోయాను. కానీ ఆమె నవ్వింది.

"ఏంది అక్కా, పండుకున్నోళ్ళను తీస్తున్నవా? కొరివి దయ్యం లెక్క వచ్చి ఉంటా. జెర ఆగు, కొంగు సర్దుకుంట. ఒక్కటన్న మంచిగ తీయ్. మా ఇంట్ల నాది సక్కటి ఫోటో ఒక్కటి లేదు."

ఆమె లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. సరిగ్గా తలపైన గోదాము గోడ గడియారం. గడ్డంతో దాన్ని చూపించింది.

"మీ ఆయన గూడ పడాలె ఇండ్ల. లేకుంటే మల్ల అలుగుతడు."

"కదలకు. ఊపిరి పట్టు."

ఆమె పట్టింది. అక్కడ వెలుతురు ఇంకా తక్కువ. గడియారం కూడా స్పష్టంగా రావాలని లెన్సు కొంచెం మూశాను, అందుకు షట్టర్ పావు సెకను తెరిచి ఉంచాల్సి వచ్చింది. పావు సెకనంటే చేతిలో కెమెరాకు చాలా ఎక్కువ. అయినా తీశాను. కడిగినాక ఒకటి ఇస్తవా అంది. ఇస్తనన్నాను. అలా అన్నప్పుడు నా మనసులో ఏముంది? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. అక్కడితో ఆపేయొచ్చు, ఆ మూడూ చించేయొచ్చు అనే ఆలోచన నిజంగా వచ్చిందా, లేక వచ్చి ఉంటే బాగుండునని తరవాత నేనే కల్పించుకున్నానా? గుర్తున్నది ఒక్కటే. 'మీ ఆయన' అని ఆమె అన్న మాట మళ్ళీ గుచ్చుకుంది.

ఆ సాయంత్రం స్టూడియోలో నేనే కడిగాను. నాలుగూ బాగా వచ్చాయి. మూడోది ప్రింటు వేసి, వెనక తేదీ రాశాను. సమయం దగ్గర 1:50 అని రాశాను. పని వేళ అది.

శుక్రవారం ఆమెను మేనేజరు గదిలోకి పిలిచారు. ఫోటో ఆయన బల్లమీద ఉంది. ఆమె దాన్ని చూసి, అది తిండి టైము సార్, సాక్ష్యం ఉంది అంది. అక్క ఇంకోటి తీసింది, అండ్ల నేను లేచి కూసున్న, నెత్తిమీద గడియారం ఉంది, గది తెప్పియ్యండి అంది. ఆమె గొంతులో భయం లేదు. నేను ఉన్నాను కదా అని. టైము విషయంలో అక్క తప్పు చెప్పదు కదా అని.

మేనేజరు నావైపు చూశాడు.

"తీసిన సార్. గనీ చీకట్ల కదిలింది. షేక్ అయింది. ఏం కనవడ్తలేదు."

బాలమణి మేనేజర్ని చూడలేదు. నన్నే చూసింది.

"నేను కదల్లే అక్కా. నువ్వు ఊపిరి పట్టుమంటే పట్టిన."

కోపంగా అనలేదు. ఫోటో చెడితే తప్పు తనదేమోనని సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు అంది. అబద్ధమని ఆమెకు అర్థమైంది ఆ తరవాత. గదిలోంచి బయటికి నడిచేటప్పుడు, తలుపు దగ్గర. ఆ ముఖం నేను ఫోటో తీయలేదు గానీ, అది కూడా షేక్ కాకుండా నాలో ఉంది.

ఆ రోజే తీసేశారు. ఫ్యాన్లు రాలేదు. ఎవరూ మళ్ళీ అడగలేదు. బాలమణి తెల్లాపూర్ వైపు లేచే పెద్ద బిల్డింగుల్లో ఇటుకలు మోసిందని, నడుం పడిపోయిందని వింటూ వచ్చాను. విన్న ప్రతిసారీ తేదీ రాసుకున్నాను. ఇంకేమీ చేయలేదు.

నెగెటివ్‌ను ఎందుకు కాల్చలేదు? పాపభయం వల్ల అనుకుంటారేమో. కాదు. అంత తక్కువ వెలుతురులో, చేతిలో కెమెరాతో, పావు సెకనుకు అలాంటి ఫోటో నా జన్మలో ఇంకోటి రాలేదు. ఏడాదికోసారి, మార్చి పద్నాలుగున, దీపం ముందు పెట్టి భూతద్దంతో చూసుకునేదాన్ని. రెప్పలు వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తాయి. కింది పెదవి మీద పగులు కనిపిస్తుంది. గడియారంలో చిన్న ముల్లు ఒకటి దాటి, పెద్ద ముల్లు నాలుగుకు కాస్త ఇవతల. 1:18. చూసి గర్వపడేదాన్ని. సిగ్గు ఆ తరవాత వచ్చేది, అదీ ప్రతి ఏడూ కాదు.

మొన్న జూన్‌లో ఆమె పోయింది. మూడోరోజు కూతురు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఎప్పుడు ఫోటో తీయించుకున్నా అమ్మ నవ్వి కదిలేది, ఒక్కటీ సక్కగ లేదు అంది. ఫ్యాక్టరీల అక్క ఒకటి తీసిందని, అప్పుడొక్కసారే కదలకుండా కూసున్ననని అమ్మ చెప్పేదట. అది ఉందా అమ్మా అని అడిగింది. బీరువాకు, ఆమెకు మధ్య నాలుగడుగులు. గడియారం కత్తిరించి ప్రింటు ఇవ్వొచ్చని కూడా లెక్క వేసుకున్నాను. కత్తిరిస్తే ఫోటో పాడవుతుంది అనిపించింది. అంత దయలేనిదాన్ని. అది షేక్ అయింది బిడ్డా అన్నాను. ఆ పిల్ల తల ఊపి, మంచినీళ్ళు తాగి, పోయింది.

దినానికి నేను రుద్రారం పోయాను. గోడకు దండ వేసిన ఫోటో, ఆధార్ కార్డులోంచి పెద్దది చేసింది. ముక్కు ఎక్కడో, కళ్ళెక్కడో తెలియడం లేదు. నాకు ముందు దుఃఖం రాలేదు. ఎంత నాసి పని అనిపించింది. కూర్చుని, వాళ్ళు పెట్టిన అన్నం తిన్నాను.

ఇంకా ఇవ్వలేదు. ఇస్తానని మీకు మాట ఇవ్వను. ఒకసారి ఇస్తనని ఒకరికి చెప్పిన నోరే ఇది. ఈ రోజు మాత్రం, మార్చి పద్నాలుగు కాకపోయినా, బీరువా తెరిచి ఆ అరలో చెయ్యి పెట్టాను. నెగెటివ్ ఉన్న కవరు మీద కూడా నేను అప్పట్లో 1:50 అనే రాశాను, నన్ను నేనే నమ్మించుకోవడానికేమో. దాన్ని కొట్టేశాను. నా చేతి రాతలో మొదటి కొట్టివేత. పక్కన 1:18 అని రాశాను. దాని కింద ఇంకో వాక్యం రాశాను.

ఆమె కదలలేదు.