జంతువులు తొక్కని మూల

సాఫ్ట్‌వేర్ జీతాలు పెరుగుతున్న ఆ రోజుల్లో మా సైనిక్‌పురిలో నలుగురు కలిస్తే స్థలాల మాటే. మేమూ కీసర వైపు, తుమ్మలూ సీతాఫలం చెట్లూ అడవిలా అల్లుకుపోయిన కొంత నేల కొన్నాం. మావారికి వాస్తు పిచ్చి, నాకు జంతువుల పిచ్చి. "నైరుతి మూల జెర ఎత్తుగుంది మేడం, పక్కా వాస్తు. పరేషాన్ గాకుండ్రి," అన్నాడు అమ్మించిన బ్రోకరు. అంతే, ఆ ఎత్తు మీద మా పడకగదికి మావారు ముగ్గు కూడా పోయించేశారు.

ఆదివారాలు పొద్దున్నే వెళ్ళి ఓ చెట్టుకింద కదలకుండా కూర్చునేదాన్ని. నెమళ్ళు, ముంగిసలు, కుందేళ్ళు, ఒక కుంటినక్క. కొన్ని వారాలకు ఒక సంగతి కంటపడింది. ఏదీ ఆ మూల తొక్కదు. వరసగా వచ్చే నెమళ్ళు ముగ్గు దాకా వచ్చి, చుట్టూ తిరిగి, అవతల మళ్ళీ వరసలో కలిసేవి. నక్క తరుముతుంటే ప్రాణభయంతో పరిగెత్తే కుందేలు కూడా అక్కడికొచ్చేసరికి పక్కకు తిరిగింది. వెనకే నక్కా తిరిగింది. మావారికి చెబితే నవ్వారు.

"యజమాని గదని వాటికీ తెలిసిందన్నమాట!"

వానలు పడ్డాక శ్రీకాకుళం నుంచి అమ్మ వచ్చింది. అమ్మకు శుభ్రం ఎక్కువ. రెట్టలూ పెంటికలూ లేని చోటు వెతికి వెతికి, సరిగ్గా ఆ ముగ్గు మధ్యే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుంది.

"అక్కడొద్దమ్మా, లే."

"ఏటే నీ సాదస్తం? ఇంత సుబ్బరమైన సోటు ఇంకెక్కడుంది?"

నెమళ్ళ అరుపులు ఆగిపోయాయి. మనిషి అలికిడికే పారిపోయే నక్క, పొద అంచుకు వచ్చి నిలబడింది. దాని పక్కనే కుందేలు. ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. రెండూ అమ్మవైపే చూస్తున్నాయి. కాదు, అమ్మ కాళ్ళకింద నేలను చూస్తున్నాయి.

"ఏటే అవి, అలా సూస్తన్నాయి?" అంది అమ్మ.

దేనికో తెలియదు కాని నాకు చచ్చేంత భయం వేసింది. పరిగెత్తి వెళ్ళి, గాజులు చిట్లేలా చెయ్యి పట్టి ఈడ్చాను. అమ్మ తిడుతూనే ఇవతలికి వచ్చింది. మేం ముగ్గు దాటామో లేదో కుర్చీ వెనక కాళ్ళు మట్టిలోకి దిగాయి. తరవాత కుర్చీ పోయింది, దానితో మా పడకగదిలో సగం పోయింది. కొన్ని క్షణాలకు అడుగునుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది.

అక్కణ్ణించే ఫోన్లో బ్రోకరును కడిగేశాను. అతను తడుముకోనైనా లేదు.

"నైరుతిల బావి ఉందంటే వాస్తు జూస్కునేటోళ్లు ఎవ్వలు కొంటరు మేడం? గందుకే కొమ్మలేసి, పైన మట్టి పోయించిన."

మేం వెనక్కి తిరిగేసరికి నక్కా లేదు, కుందేలూ లేదు. అమ్మ ఇప్పుడు ఎక్కడ కూర్చోవాలన్నా ముందు వంగి నేల చూస్తుంది. మేక పెంటికలు కనిపిస్తేనే కుర్చీ వేయమంటుంది.