ఊరు వెళ్లిపోయిన చోట ఇంజను

రాజూరా తాలూకాను పక్క రాష్ట్రంలోని చాందా జిల్లాలో కలిపిన ఏడాది వరంగల్ వర్క్‌షాపు వాళ్లు నన్ను అక్కడికి పంపారు. ఒక విదేశీ సైన్యం యుద్ధంలో వాడి, తర్వాత సాయంగా మనకిచ్చిన నీటి ఇంజను జంగుగూడ అనే గోండుల ఊళ్లో ఉంది. దాన్ని కొత్త జిల్లాకు అప్పగించాలి. అప్పగింత కాగితంలో నేను రెండు మాటలకు సంతకం చేయాలి: జంగుగూడలో ఉంది, నడుస్తోంది. సంతకం ఉంటే చాందా నుంచి నెలనెలా డీజిలు వస్తుంది. లేకుంటే శనివారం లారీ వచ్చి ఇంజనును ఎత్తుకుపోతుంది.

గురువారం ఉదయం 6:20కి కాజీపేటలో రైలెక్కాను. పానాలు తొమ్మిది, వాషర్లు పన్నెండు, సుద్దముక్కలు మూడు. సంచి విప్పి సరిచూసుకుంటుంటే, మాజ్రి బొగ్గుగనిలో పనిచేసే యేసుదాసు ఎదుటి సీట్లోంచి అన్నాడు: "ఏంది తమ్మీ, రైలు గిట్ల విప్పుతవా ఏంది?"

పని సంగతి చెప్పాను. "బయటోళ్లు ఇచ్చిన పాత అంగీ అన్నట్టు. బట్ట మంచిగనే ఉంటది. గుండీలే ఉండయి," అంటూ నాకు రెండు రొట్టెలు పెట్టాడు.

మధ్యాహ్నం రెండున్నరకు చాందా. ఆఫీసులో రెండు డబ్బాల డీజిలు ఇచ్చారు. ధర్మశాలలో పడుకుని, శుక్రవారం ఏడింటి బస్సులో రాజూరా, అక్కణ్ణించి ఎడ్లబండి. 11:40కి మ్యాపులో చూపిన చోట దిగాను. వాగు ఉంది. ఇంజను ఉంది, దానికి కొత్తగా కప్పిన గడ్డి పాక కూడా ఉంది. ఊరు మాత్రం లేదు. గుంజలు పీకిన గుంతలు, పొయ్యిరాళ్లు, అంతే.

కాసేపటికి ఇంజను తుడవడానికి మారు అనే అతను వచ్చాడు, ఆ ఊరి పట్లా, అంటే ఊరిపెద్ద.

"పాత పట్లా సచ్చిపోయిండు, ఎడ్లు గుడ సచ్చినయి. గట్లయితే మేం ఆ జాగల ఉండం. రెండు మైళ్లు పైకి పోయినం."

"మరి ఇంజను?"

"కదిలిస్తే జైలన్నడు అడివి కాసే జంగ్లాతోడు. ఒక్కదాన్నే ఇడిచి పోతిమి గద, ఎండకు ఉంటదా అని పాకేసినం."

మారు వెంట వెళ్లి చూస్తే, పైన కొత్త ఊళ్లో ఆడవాళ్లు వాగు నుంచి నిటారు గట్టెక్కి నీళ్లు మోస్తున్నారు. మారు తల్లి రాజుబాయి కుండ దించి నన్ను ఎగాదిగా చూసింది. "ఇంజన్ తెచ్చేటందుకు తొవ్వ ఏసిన్రు బిడ్డా. ఆ తొవ్వల్నే కట్టె లారీలు అచ్చినయి. అడివి పోయింది. నీళ్లు మాత్రం మా నెత్తి మీదనే ఉన్నయి."

ఇంజను పాతచోట నడిస్తే వీళ్లకు నీళ్లు రావు, నడవకపోతే లారీ వస్తుంది. జైలు మాట నా మీద వేసుకుని, వాళ్లతో కలిసి పాతచోటికి దిగి పానా తీశాను. విప్పిన ప్రతి భాగం మీద సుద్దతో నంబరు వేశాను, ఇరవై ఆరు. చిన్నవి రాజుబాయి తన గంపలో పెట్టుకుంది. పెద్దవాటిని పద్దెనిమిది మంది గుంజలకు కట్టి భుజాల మీద మోశారు. పైకి చేరేసరికి నా నంబర్లన్నీ వాళ్ల చెమటకు, గంపలో రాపిడికి చెరిగిపోయాయి.

శనివారం పొద్దున్నే తల పట్టుకుని కూర్చుంటే రాజుబాయి గంప ముందుకు జరిపింది. విప్పిన వరుసలోనే బోల్టులన్నీ ఆకుల మధ్య పొరలుపొరలుగా పేర్చి ఉన్నాయి. "ఆఖరికి తీసింది పైన ఉన్నది. గదే ముందు పెట్టు. సదువుకున్నోనివి గద, నీకు చెప్పాల్నా?"

9:10కి ఇంజను దగ్గి, పొగ కక్కి, గట్టు మీదికి నీళ్లు పోసింది. పదిన్నరకు ఆ చప్పుడు విని లారీ పైకే వచ్చింది. డ్రైవరు ఆ నీళ్లతోనే రేడియేటరు నింపుకుని, ఇంజనుకు బదులు నన్ను ఎక్కించుకున్నాడు.

లారీ ఎక్కేముందు, సంతకం చేయబోతూ కాగితంలో జంగుగూడ అన్న మాట దగ్గర ఆగి, ఈ కొత్త ఊరి పేరేమిటని మారును అడిగాను.

"జంగుగూడనే. పేరును ఆడ ఇడిచిపెట్టి అస్తమా సారూ?"

బల్హార్షాలో సాయంత్రం రైలెక్కాక సంచి సరిచూసుకున్నాను. పానాలు తొమ్మిదీ ఉన్నాయి. సుద్దముక్కలు మాత్రం రాజుబాయి మనవరాళ్లకు ఇచ్చేశాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మ్యాపు నమ్ముకోకండి. వాగు పట్టుకుని పైకి నడవండి, ఇంజను చప్పుడు వినిపిస్తే డీజిలు అందిందన్నమాట.