మా లీడ్‌ని కూర్చోబెట్టిన శనివారం

ఆ రోజుల్లో నాకు రెండు భయాలుండేవి. ఒకటి వీసా, రెండోది మా టీమ్ లీడ్. ఆయన దయ ఉంటేనే వీసా ఉంటుందని నా నమ్మకం కాబట్టి, అమెరికాలోని అల్ఫారెట్టాలో ఉద్యోగంలో చేరిన మూడో వారంలో ఆయన "ఏవయ్యా, బేస్‌బాల్ ఆడతావా?" అని అడగ్గానే "ఆడతానండీ" అనేశాను. (ఆ ఆటలో బ్యాట్ గుండ్రంగా ఉంటుందని తప్ప నాకింకేమీ తెలియదు.) శనివారాలు ఆఫీసుల మధ్య జరిగే పోటీలవి. ఎవరి ఎముకలూ విరక్కుండా కాస్త పెద్ద, మెత్తటి బంతితో ఆడేవాళ్ళం. మొదటి మ్యాచ్‌లో దేవుడి దయ వల్ల బంతి నా బ్యాట్‌కి తగిలింది. బ్యాట్ పట్టుకునే మొదటి బేస్‌కి పరిగెత్తి, దాన్ని నేలకి తాకించి, ఒక పరుగైందన్న సంతోషంతో వెనక్కి తిరిగి రెండో పరుగుకి వచ్చేశాను. అంపైర్‌గా ఉన్న అమెరికన్ తాతగారు "బాబూ, ఏమైనా మర్చిపోయావా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. (ఆ ఆటలో బ్యాట్ అక్కడే పడేసి ముందు బేస్‌కే పరిగెత్తాలి తప్ప, క్రికెట్‌లోలా వెనక్కి రాకూడదట.)

నాలుగు మ్యాచ్‌లకే నా క్రీడాజీవితం ముగిసింది. "ఆట నీ వల్ల కాదుగానీ, మేనేజర్‌గా ఉండు. మన తొమ్మిది మందిలో ఎవరెక్కడ నిలబడాలో చూసుకో" అన్నారు లీడ్. జాలితో ఇచ్చిన పదవే. కానీ బెంచీ మీద కూర్చున్నవాడికి మనుషుల్ని చూడటం తప్ప పనేముంటుంది? డేటాబేస్ బాబాయికి (వయసు ముప్పై రెండే, పొట్టని బట్టి అలా పిలిచేవాళ్ళం) ఎదురెండలో బంతి కనబడదని, టెస్టింగ్‌లో పనిచేసే కరీంనగర్ అక్క నెమ్మదిగా విసిరినా అనుకున్న చోటే వేస్తుందని కనిపెట్టాను. అందరినీ అటూ ఇటూ మార్చాను. అంతవరకూ గెలుపన్నదే ఎరగని మా జట్టు ఫైనల్‌కి చేరి కూర్చుంది.

ఫైనల్లో ఏడోది, చివరి ఇన్నింగ్స్. మాకు ఒక్క పరుగు ఆధిక్యం. మూడు బేసుల్లోనూ వాళ్ళ మనుషులే. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే కప్పు మాది. బంతి వేస్తున్నది మా లీడ్. వేసిన ప్రతి బంతీ పక్కకి పోతోంది; అలా నాలుగు పోతే వాళ్ళకి ఊరికే ఒక పరుగొస్తుంది. ఆయన్ని తప్పించాలని జట్టులో అందరికీ తెలుసు. (నా గ్రీన్‌కార్డ్ కాగితాలు ఆయన టేబుల్ మీదే ఉన్నాయనీ అందరికీ తెలుసు.) కాళ్ళీడ్చుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళాను.

"సర్, మీరు కాసేపు కూర్చోండి."

"ఎవరూ, నేనా?"

"అవునండీ. అక్క వేస్తుంది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, బంతి నా చేతిలో పెట్టి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నారు.

"ఇగ నీ పని అయిపాయె తమ్మీ," అంది అక్క.

"నా సంగతి వదిలెయ్యక్కా, ముందు బాల్ వెయ్యి."

అక్క వేసిన రెండో బంతిని వాళ్ళ ఆటగాడు ఆకాశంలోకి లేపాడు. అది తిన్నగా డేటాబేస్ బాబాయి మీదికే దిగింది. ఆయన దాన్ని రెండు చేతులతో పొట్టకి హత్తుకున్నాడు. గెలిచాం! లీడ్ కూడా చప్పట్లు కొట్టారుగానీ, కప్పుతో ఫొటోకి కూడా ఆగకుండా కారెక్కి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున్నే రూమ్‌కి పిలిచి "తలుపెయ్యి" అన్నారు. నేను మనసులో అప్పటికే రెండు సూట్‌కేసులు సర్దేశాను. "రెండో ఇన్నింగ్స్ నుంచే భుజం పీకేస్తందయ్యా," అన్నారు ఆయన గొంతు తగ్గించి. "నా అంతట నేను దిగిపోతానని చెప్పటానికి నామోషీ. ఎవరన్నా చెప్తారేమోనని చూస్తన్నా. మంచి పని చేశావు." ఆ తర్వాత మూడేళ్ళు నేనే మేనేజర్‌ని. మరో రెండు కప్పులు గెలిచాం.

పోయిన ఏడాది శాన్ రామన్‌లో ఆయన కూతురి పెళ్ళికి వెళ్ళాను. ఆయన నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, "బావగారూ, ఈయన మా మేనేజర్" అని వియ్యంకుడికి పరిచయం చేశారు. ఆ పెద్దమనిషి గౌరవంగా లేచి నిలబడి, "అలాగా! టీమ్ ఎంతమందండీ?" అన్నారు. నిజానికి ఇప్పుడు ఆఫీసులో నా కింద చాలామందే ఉన్నారు. జుట్టుకి రంగేసుకుని, పట్టుపంచెలో నిలబడ్డ నాకు ఆ క్షణంలో వాళ్ళలో ఒక్కరి ముఖమూ గుర్తు రాలేదు.

"తొమ్మిది మందండీ," అన్నాను. "ఎవరైనా ఊరెళ్తే ఎనిమిది."